ముట్టని గుడ్లు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. నేను కాదనను. కానీ ఆ కోపమే లేకపోతే, మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది మా నలుగురికీ తల దాచుకోను ఇల్లుండేది కాదు. ఆ సంగతి మాత్రం ఎవరూ అనరు. అందుకని నేనే రాస్తున్నాను.

అప్పుడు మేం వకోవా దాటాక కొంచెం పైకి, ఒక ఫ్రెంచి దొర తోటలో ఉండేవాళ్ళం. మేమంటే నేను, మా ఆయన, అత్త, మావ. దొరని అందరిలాగే మేమూ మిస్యే అనేవాళ్ళం. ఆయన పెద్ద ఇంటి వెనక లీచీ చెట్లు, ఆ చెట్ల వెనక మా రేకుల ఇల్లు, రెంటికీ మధ్య పక్షుల పంజరం. పంజరమంటే చిలకని పెట్టుకునేది కాదు. మనిషి నిలబడి తిరగొచ్చు, అంత ఎత్తు. మూడు వైపులా వల, వెనక గోడ. అందులో ఒక పుంజు, మూడు పెట్టలు, అన్నీ ఫెజాన్లు. చూడనివాళ్ళకి చెప్పాలంటే, కోడికీ నెమలికీ మధ్య ఎక్కడో ఆగిపోయిన పక్షి. పుంజుకి మెడ పచ్చగా మెరుస్తుంది, దాని కింద తెల్ల పట్టీ, బారెడు తోక. పెట్టకి ఆ సోకులేవీ లేవు. ఎండిన చెరకాకు రంగులో ఉంటుంది, కదలకపోతే కనపడదు.

వాటిని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నది మావ. చలి కాస్త తగ్గగానే పెట్టలు గుడ్లు మొదలుపెట్టేవి. మావ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి దూరి, గుడ్డు కనపడితే చాలు, వెచ్చదనం ఆరకముందే తెచ్చేసేవాడు. మా ఇంటి వెనక పెట్టెల్లో మామూలు కోళ్ళు, పొదుగుడుకి వచ్చినవి, సిద్ధంగా ఉండేవి. వాటి కోసం కాత్ర్ బోర్న్ సంతకి వెళ్ళి, ఒక్కొక్కదాన్నీ చంకలో పెట్టుకుని పొట్ట తడిమి చూసి మరీ కొనేవాడు. ఫెజాన్ గుడ్లన్నీ వాటి కిందే పొదిగించేవాడు.

"ఫెజాన్ పెట్ట గుడ్డు పెడతాది, మర్చిపోతాది. దానికి తల్లి బుద్ధి నేదు" అనేవాడు. మిస్యే అడిగినా అదే మాట, చుట్టాలు అడిగినా అదే మాట.

పిల్లలు బాగానే పుట్టేవి. పుట్టిన పది రోజుల్లో సగం పోయేవి. కోడి ఇటు పిలిస్తే అవి అటు పరిగెత్తేవి. మావ వేలితో నేల మీద టకటకా కొట్టి మేత చూపించేవాడు. పోయినవాటిని తోటలో పూడ్చి, "వాటి రాత" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. నేను కాపరానికి వచ్చేదాకా ఆయనకి ఎదురు మాట్లాడినవాళ్ళు లేరట.

ఆ ఏడాది ఆగస్టు ఆఖర్న పంజరం కప్పు బాగుచెయ్యబోయి, వాన తడికి కాలు జారి కింద పడ్డాడు. కాలు విరిగింది. ఆస్పత్రిలో తొడ దాకా పిండికట్టు వేసి పంపేశారు. రెండు రోజుల తరువాత మిస్యే మా గుమ్మం దగ్గరికి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గుడ్ల కాలం వచ్చేసింది, ఈసారికి నీ కోడలు చూసుకోనీ, అన్నాడు. పిల్లలు తేలితే సరే. లేకపోతే పంజరం తీయించేస్తాను, ఈ ఇల్లు డ్రైవర్‌కి ఇస్తాను, అతను నలుగురు పిల్లలతో ఒక్క గదిలో ఉంటున్నాడు, అన్నాడు.

గట్టిగా అనలేదు. అన్యాయమూ కాదు. అందుకే తిట్టుకోవడానికి కూడా వీలు లేకపోయింది. ఇల్లు పక్షుల పనితో వచ్చింది, పనితోనే పోతుంది.

అత్తకి ఇలాంటప్పుడు తెలిసింది ఒకటే దారి. మావ కాలు కూడుకోవాలని సింహాద్రి అప్పన్నకి మండలం మొక్కింది. నలభై రోజులు ఇంట్లో మాంసం, చేప, గుడ్డు ఉండకూడదు. రోజూ సందెవేళ దీపం పెట్టాలి. ఆ దీపం ఇంటి కోడలే ముట్టించాలి. మా ఆయన క్యూర్‌పీప్ నుంచి మహేబోర్గ్ వెళ్ళే బస్సులో కండక్టరు. మహేబోర్గ్‌లో దిగి వేయించిన చేప తినొస్తున్నాడని నాకు అనుమానం. అడగలేదు. నా చెయ్యి మాత్రం అత్త కళ్ళ ముందే ఉంటుంది కదా.

మొదటి గుడ్డు కనపడిన రోజు వచ్చి చెప్పాను. "అత్తా, గుడ్డు తెస్తన్నాను, పెట్టెలో పెట్టాలి."

అత్త ఉలిక్కిపడింది. "అయో! దీపం ముట్టించే చెయ్యితో గుడ్డు ముడతావా? పా తుసే! ముట్టకు!"

"తినేది కాదు గదా. తీసి కోడి కింద పెట్టేది."

"ముడితే ముట్టినట్టే. మీ మావ కాలు నీకు వద్దా?"

"మరి నువ్వు తియ్యి."

"నేను పెసాదం వండతన్నాను."

మా ఆయన తీస్తాడేమోనని అడిగాను. బస్సులోకి వందమందిని తోసి తలుపు వెయ్యగల మనిషి, ఫెజాన్ పుంజు పేరెత్తితే వెనక్కి తగ్గాడు. చిన్నప్పుడు పుంజు కాలి ముల్లు దిగిందట. పిక్క మీద మచ్చ చూపించాడు.

"కొన్నాళ్ళు అక్కడే ఒగ్గెయ్. గుడ్లకి కాళ్ళొస్తాయా ఏటి?" అంది అత్త.

నాకూ అదే సబబనిపించింది. నేను చేసిన పొరపాటు అదే. పొదుగుడు సంగతి నాకప్పటికి ఏం తెలుసు? గుడ్డంటే గుడ్డే, రేపు తీసినా అదే గుడ్డు అనుకున్నాను. మావ మంచం మీంచి రోజూ అడిగేవాడు, "గుడ్లెలాగున్నాయే?" అని. "బాగున్నాయి మావా" అనేదాన్ని. అది నిజమే. "కోడి కింద పెట్టినావా?" అనేవాడు. "ఆఁ" అనేదాన్ని. అది అబద్ధం. మొక్కు దీపం ముట్టించే చేతులు శుభ్రంగా ఉన్నాయి, నోటి సంగతి ఎవరూ అడగలేదు.

రెండు వారాలు గడిచాయి. చెల్లాచెదురుగా పడ్డ గుడ్లని పుంజు పొడిచేది. ఒకరోజు దాని ముక్కుకి పచ్చసొన అంటి ఉంది. కాలం అయిపోతోంది, చేతిలో ఒక్క పిల్ల లేదు. ఇక మొక్కూ లేదు ఏమీ లేదు, రేపు తీసేస్తాననుకున్నాను. మర్నాడు పొద్దున్నే గింజలు చల్లితే రెండు పెట్టలే వచ్చాయి. మూడోది, అన్నిటికంటే పాతది, కాలి వేలు ఒకటి వంకర తిరిగినది, రాలేదు. పోయిందేమోనని వెతికాను. మూలన గోడకి ఆనించిన చెరకు చెత్త వెనక, నేల మీద, చెత్తలో చెత్తలా కూర్చుని ఉంది. కన్ను ఒక్కటే మెరిసింది. మూరెడు దూరంలో నా కాలు ఉంది. అది లేవలేదు.

నేను గింజలు దాని ముందు పోసి, వెనక్కి వెనక్కి నడిచి బయటికి వచ్చేశాను. ఎందుకో ఆ పూట ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం అది మేతకి లేచినప్పుడు చూశాను. పదకొండు గుడ్లు, బురదా ఆకుపచ్చా కలిసిన రంగువి, ఒక గుంటలో సర్ది ఉన్నాయి. పావుగంటలో గబగబా తిని, నీళ్ళు తాగి, మట్టిలో ఒకసారి పొర్లి, దొంగలా అటూ ఇటూ చూసి మళ్ళీ వాటి మీదికి వెళ్ళిపోయింది. తల్లి బుద్ధి లేదన్నది ఈ పెట్టనేనా అనుకున్నాను.

ఆ ఆదివారం మిస్యే పక్షుల్ని చూడ్డానికి వచ్చాడు. చూసి సరాసరి మావ మంచం దగ్గరికి వచ్చేశాడు. "ఈ పెట్టలు కూర్చోవని చెప్పావే? ఒకటి కూర్చుంది. నీ కోడలు కూర్చోబెట్టిందా?" అన్నాడు. మిస్యే వెళ్ళాక మావ నా వైపు తిరిగాడు. దాచడానికి ఇంకేం లేదు. మొక్కూ, గుడ్లూ, నా అబద్ధమూ అన్నీ చెప్పేశాను.

ముందు అత్త మీద పడ్డాడు. "నా కాలికి మొక్కి నా కూటికే ఎసరు పెడతావా?" అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత నా వంతు వచ్చింది.

"ఆ గుడ్లు ఇప్పుడే తీసి కోడి కింద పెట్టు. ఆ పెట్ట వారం కూర్చుంటాది, పదో రోజున లేచి పోతాది. నేను సూసినాను. గుడ్లు సల్లారిపోతే ఇల్లు పోయినట్టే."

"తియ్యను."

"ఏటీ?"

"తియ్యను మావా. నేను పక్కన నిలబడినా అది లేవనేదు. అలాటిదాని కింద చెయ్యి పెట్టి లాక్కురమ్మంటావా? నా వల్ల కాదు. నీకు కావాలంటే నువ్వే లేచి తెచ్చుకో."

విరిగిన కాలున్న మనిషితో ఆ మాట అన్నాను. నోరు జారాక తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. నిజం చెప్పాలంటే నాకూ భయమే. ఆయన మాట నిజమైతే, ఈ పదకొండు గుడ్లతో ఈ కాలం అయిపోతుంది. మా సామాను బయట పడుతుంది. అందుకు కారణం నేనవుతాను.

మావ దుప్పటి పక్కకి తోశాడు. "నన్ను తీసుకుపొండి" అన్నాడు.

మా ఆయనా నేనూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాం. పంజరం పక్కన దించాం. అత్త గొడుగు పట్టుకుంది. అరగంట ఏమీ జరగలేదు. తరువాత పెట్ట లేచింది. తిన్నది, తాగింది, పొర్లింది. మేత దగ్గర పుంజు దాని వెంటపడి తరిమింది. అది తప్పించుకుని, చుట్టూ తిరిగి, గుంట దగ్గరికి వచ్చి, ముక్కుతో గుడ్లని ఒక్కొక్కటిగా తన వైపు తిప్పుకుని, రెక్కలు వదులుచేసి మెల్లగా కూర్చుంది. మావ కుర్చీ చేతుల్ని పట్టుకుని ముందుకి వంగాడు.

"పుంజుని ఇవతలికి తోలండి. మధ్యన వల కట్టండి. ఇది ఇలా తిరుగుతుంటే అదెలా కూకుంటాది?" అన్నాడు.

ఇక గుడ్లు తియ్యమనలేదు. తప్పు ఒప్పుకున్నాడనీ కాదు. పదో రోజు చూద్దాం అన్నాడంతే. ఆ సాయంత్రమే పాత వలా, గోనెసంచులూ కట్టి పంజరాన్ని రెండు భాగాలు చేశాం. పుంజూ, మిగతా రెండు పెట్టలూ ఒకవైపు, ఈ పెట్ట ఒక్కటీ ఒకవైపు. ఆ పని మాత్రం మా ఆయనే చేశాడు, కాళ్ళకి రెండు జతల ప్యాంట్లు తొడుక్కుని.

అప్పట్నించి మావ రోజూ కుర్చీలో అక్కడే. పొదిగే పక్షికి ఇరవై నాలుగు రోజులని ఆయన లెక్క. పదో రోజు వచ్చింది. పెట్ట మేతకి లేచింది. మేం నలుగురం ఊపిరి బిగపట్టి చూశాం. పావుగంటకి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ రాత్రి మావ అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

పదహారో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. వకోవా వాన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నీళ్ళు లీచీ చెట్ల కింద నుంచి పంజరంలోకి పారాయి. గోనె కప్పుకుని పరిగెత్తాను. నీళ్ళు గుంటకి జానెడు దూరంలోకి వచ్చేశాయి. పెట్ట తడిసి సగమైపోయింది, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. గుడ్లన్నీ ఒళ్ళో వేసుకుని పారిపోదామనిపించింది. కిటికీలోంచి మావ అరుస్తున్నాడు. "దాన్ని ముట్టకు! మట్టి తవ్వు! నీళ్ళకి దారి చెయ్!" గునపంతో గోడ పక్కనే కాలవ తీశాను. అత్త చాటతో మట్టి ఎత్తి గట్టు పోసింది. మేమిద్దరం మోకాళ్ళ దాకా బురదలో ఉంటే, అది కన్ను కూడా ఆర్పకుండా మమ్మల్నే చూస్తూ ఉంది. నీళ్ళు మళ్ళాయి. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే అత్త నన్ను పట్టుకుని నవ్వింది. కాపరానికి వచ్చాక అత్తతో కలిసి నవ్వడం అదే మొదలు.

ఇరవై నాలుగో రోజు పొద్దున పెట్ట రెక్క కింద నుంచి ఒక తల బయటికి వచ్చింది. చారల చారల తల. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి తొమ్మిది. రెండు గుడ్లు మురిగిపోయాయి.

ఇక మేత సంగతి. మావ పద్ధతిలో అయితే ఉడికించిన కోడిగుడ్డు నలిపి పెట్టాలి. మండలం ఇంకా రెండు రోజులు ఉంది. అత్త గుడ్డు మాట ఎత్తనివ్వలేదు. "చెదలు తెండి. మా అమ్మ కోడిపిల్లలకి అవే ఏసేది" అంది. మా ఆయన మర్నాడు మహేబోర్గ్ నుంచి వస్తూ, దారిలో బస్సు ఆపించి, చెట్టు మీది చెదపుట్టని కత్తితో కోసి, సంచిలో వేసుకుని వచ్చాడు. బస్సులో జనం చెదలు కుడతాయని కాళ్ళు పైకి పెట్టుకున్నారట. పుట్ట పగలగొట్టి వెయ్యగానే పెట్ట గొంతులో చిన్న చప్పుడు చేసింది. ఏ కోడి నోటా నేనంతకుముందు వినని చప్పుడు. తొమ్మిదీ ఒక్కసారి దాని ముక్కు దగ్గరికి వచ్చాయి. అది ఒక చెదపురుగుని ఎత్తి, కింద వదిలి, మళ్ళీ ఎత్తింది. పిల్లలు నేర్చేసుకున్నాయి.

మావ వేలు నేల మీదకి వెళ్ళలేదు. "నేను ఏలితో కొడితే రావడానికి రెండు రోజులు పట్టేది" అన్నాడు నెమ్మదిగా.

మండలం అయిపోయింది. దీపం కొండెక్కింది. నా చేతులకి ఇక ఏ కట్టూ లేదు. పిల్లలకి పది రోజులు నిండాయి. తొమ్మిదింట్లో ఒకటే పోయింది. మిగిలిన ఎనిమిదీ మోకాలెత్తు కర్ర మీదికి ఎగరడం మొదలుపెట్టాయి.

అప్పుడు మిస్యే వచ్చాడు. మావ చంక కర్ర సాయంతో లేచి నిలబడ్డాడు. మిస్యే వల పట్టుకుని లోపలికి చూశాడు. పెట్ట పిల్లల్ని చెరకు చెత్తలోకి తోలుకుపోయి, తన ఒంటిని మాకు అడ్డం పెట్టి నిలబడింది.

"ముప్పై ఏళ్ళు వీటికి పొదగడం రాదని చెప్పావు" అన్నాడు మిస్యే.

ఇది వేరే రకం పెట్ట, దేవుడి దయ, ఈ ఏడాది వానలు, ఏదో ఒకటి చెప్పు మావా అనుకున్నాను. ఇంటి సంగతి తేలే ఘడియలో ఆయన నిజం చెప్పడానికి సిద్ధమవుతున్నాడని ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"వీ, మిస్యే. అవును, నేనే చెప్పాను" అన్నాడు మా దీవి భాష క్రియోల్‌లో. "నేను కూర్చోనివ్వలేదు. పెట్టింది పెట్టినట్టు పట్టుకుపోయాను. గుడ్లు నాలుగు చేరితే గదా దానికి కూర్చోవాలని తోచేది. చచ్చిన పిల్లలన్నీ నా చేతిలో చచ్చాయి. తప్పు వీటిది కాదు."

మిస్యే ఆయన వైపు చూశాడు. ఆ రోజుల్లో ఫ్రెంచి దొరల్లో చాలామంది స్వాతంత్ర్యం వస్తే ఏమవుతుందోనని డర్బన్‌కీ ఆస్ట్రేలియాకీ పెట్టెలు సర్దుకుంటున్నారు. మా మిస్యే కూడా వెళ్తాడని తోటలో చెప్పుకునేవారు. ముప్పై ఏళ్ళ పనివాడు తన పని తప్పని ఎదురుగా చెప్తుంటే ఆయనకి ఏం తోచిందో నాకు తెలీదు.

"డ్రైవర్‌కి ఇంకోచోట చూస్తాను" అన్నాడు చివరికి. "వచ్చే ఏడాది ఎవరు చూస్తారు వీటిని?"

"ఇదిగో, ఈమె" అని మావ నన్ను చూపించాడు.

మిస్యే నాకు తల ఊపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అత్త ఇంట్లోకి పరిగెత్తి ఏడ్చింది. నేను వల దగ్గరే నిలబడిపోయాను. పని నాది, ఇల్లు మాది. మావ మీద నాకెంత కోపముండేదో అంతా ఎక్కడికి పోయిందో తెలీలేదు.

అప్పుడు చూశాను. రెండో భాగంలో, పుంజు ఉన్న వైపు, చిన్న పెట్ట ఒకటి మూలన గుంట చేసుకుంది. అందులో అయిదు గుడ్లు. పక్కనే నిలబడి మా వైపు చూస్తోంది. ఇప్పుడు నా చెయ్యి పెడితే అడ్డు చెప్పేవాళ్ళు లేరు. మిస్యే ఒప్పగించిన పని కూడాను. ఎంత కోపిష్టిదాన్నైనా, కొత్తగా వచ్చిన పెత్తనం కదా, పెద్దాయన్ని అడగాలనిపించింది.

"మావా, ఈ గుడ్లు తియ్యనా, ఉంచనా?"

మావ కర్ర మీద బరువు మోపి, వలలోంచి ఆ పెట్ట వైపే చూస్తున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. తుడుచుకోలేదు.

"నన్నడుగుతావేటే? దాన్నడుగు."

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. కాసేపటికి ఆ పెట్ట మా మీంచి చూపు తిప్పుకుని, గుంటలోకి దిగి, గుడ్ల మీద కూర్చుంది.